విమలకుమారి ఇంజను మూత విప్పిన శనివారం

మొదట్లో అందరూ ఆ వాసన జీడి బట్టీలదే అనుకున్నారు. పలాసలో అడుగుపెట్టగానే ఎవరికైనా ముందు తగిలేది అదే కదా. జీడిపిక్కలు కాల్చే పొగ ముక్కులోకి దూరి, ఊరు దాటేదాకా అక్కడే కూర్చుంటుంది. అందుకని వ్యానులో మాడు వాసన మొదలైన వారం ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

విమలకుమారికి మాత్రం అనుమానం తగిలింది. బట్టీ వాసనైతే పలాసను ఆనుకుని ఉన్న కాశీబుగ్గ దగ్గరికి వచ్చాక రావాలి, ఊరు దాటాక పోవాలి. ఇది తిరుగు దారిలో వజ్రపుకొత్తూరు దాటి, సరుగుడు తోటల పక్కన సముద్రపు గాలి మొహాన కొడుతున్నా పోవడం లేదు. పైగా ఎత్తు ఎక్కినప్పుడు ఎక్కువగా, పల్లంలో దిగినప్పుడు తక్కువగా వస్తోంది. బట్టీలకి ఎత్తూ పల్లం ఏం తెలుసు?

"మావా, ఇది బట్టీ వాసన కాదు. మన బండిదే," అంది.

పక్క సీటులో కళ్లు మూసుకుని ఉన్న ఆమె భర్త యోబు కళ్లు తెరవకుండానే, "పాత బండి. వాసన రాకేటి?" అన్నాడు.

విమలకుమారికి నలభై తొమ్మిదేళ్లు. ఉద్దానంలో సముద్రానికి రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న చినగెడ్డపేట ఆమెది. జాకెట్లు కుట్టడం ఆమె వృత్తి. ముప్పై ఏళ్లుగా ఆ చుట్టుపక్కల నాలుగు పేటల ఆడవాళ్ల భుజాల కొలతలు ఆమెకు నోటికి వచ్చు. ఐదేళ్లుగా ఆమె వ్యాను కూడా నడుపుతోంది. ఆ వ్యాను అసలు యోబుది. నౌపడ ఉప్పు మళ్ల నుంచి పాతికేళ్లు ఉప్పు లారీలు తోలి, చివరికి సొంతంగా కొనుక్కున్న పాత బండి అది. కొన్న రెండో ఏడే అతని కిడ్నీలు పాడయ్యాయి. డాక్టర్లు రక్తం తీసే సూదుల కోసం ఎడమ చేతి నరాలు కలిపి పిస్టులా వేశారు. ఆ చేత్తో బరువు ఎత్తకూడదు, దానికి దెబ్బ తగలకూడదు. సోమ, బుధ, శుక్రవారాలు పలాస ఆస్పత్రిలో నాలుగేసి గంటలు రక్తం కడిగే డయాలసిస్ మిషను మీద పడుకోవాలి. మిషను దిగాక కాళ్లు తేలిపోయే మనిషి బండెలా నడుపుతాడు? అందుకని విమలకుమారి నేర్చుకుంది. జీడితోటల మధ్య ఖాళీ రోడ్డు మీద యోబు నేర్పాడు. నేర్పుతూ తిట్టాడు. తిట్టుకుంటూనే ఆమె నేర్చుకుంది.

ఆమె ఏ పని నేర్చుకున్నా ఒక చిక్కు ఉండేది. పని వచ్చేస్తే ఆమెకు చాలదు. లోపల ఏముందో చూడాలి. పన్నెండేళ్లప్పుడు చర్చిలో హార్మోనియం పక్క చెక్క విప్పి, పాట ఎక్కణ్నించి వస్తోందో చూసింది. మళ్లీ బిగించింది గానీ ఆ తర్వాత ఆరు నెలలపాటు ఒక మెట్టు పలకలేదు. తల్లి చెయ్యి మాత్రం ఆమె వీపు మీద పలికింది. పెళ్లయ్యాక కుట్టుమిషను ఎన్నిసార్లు విప్పిందో లెక్కలేదు. యోబు సరిగ్గా దీనికి ఎదురు. పాతికేళ్లు లారీ తోలినా ఒక్కసారి కూడా ఇంజను మీద చెయ్యి వేయలేదు. "తోలీవోడు తోలాల, ఇప్పీవోడు ఇప్పాల" అనేవాడు.

ఆ వ్యానులో ఇంజను ముందు సీటు కింద ఉంటుంది. పొగ వస్తే తిన్నగా మనుషుల మొహాల్లోకే వస్తుంది. వెనక సీట్లో దేముడమ్మ, సూర్యారావు కూర్చునేవారు. ఇద్దరూ యోబు లాగే మిషను మీదకి వెళ్లేవాళ్లే. సూర్యారావు రిటైరైన పోస్టుమాన్, పెద్దగా మాట్లాడడు. దేముడమ్మ మాటలు ఆపదు. ఆ శుక్రవారం పొద్దున మాత్రం ఆవిడ కూడా మాట్లాడలేదు. బెండిగేటు దాటాక, "విమలా, ఆపే," అని, దిగి రోడ్డు పక్కన వాంతి చేసుకుంది. మిషను మీదకి వెళ్లకముందే మనిషి సగం అయిపోయింది.

"ఆ వోసన కడుపులో దేవేత్తంది," అంది నీళ్లు పుక్కిలించి.

ముగ్గుర్నీ ఆస్పత్రిలో దింపి, విమలకుమారి తిన్నగా కృష్ణారావు షెడ్డుకు వెళ్లింది. కాశీబుగ్గలో మెకానిక్ అతను, నలభై దాటిన మనిషి. డ్రైవరు పక్క సీటు ఎత్తి, కింద ఉన్న రేకు మూత తీసి, టార్చి వేసి చూపించాడు.

"ఇదుగో అక్కా, ఈ పైనున్నది ట్యాపెట్ కవరు. దీని కింద సుట్టూరా రబ్బరు ప్యాకింగు ఉంటాది. అది పోయింది. ఆయిలు ఊరి ఎనకమాల నుంచి సైలెన్సర్ గొట్టం మీద పడతంది. గొట్టం నిప్పులా ఉంటాది గదా, మాడతంది."

ఆమె వంగి చూసింది. మూత అంచు కింద తడి గీత ఒకటి మెరుస్తోంది. దుమ్ము అంటుకుని, ఒక పక్క నల్లటి పెచ్చు కట్టింది.

"ఏటి సెయ్యాల?"

"బండి ఒగ్గీసి ఎల్లక్కా. నా ముందు నాలుగు బళ్లున్నాయి. గురువారానికి ఇచ్చీగలను."

గురువారమంటే మధ్యలో సోమవారం, బుధవారం వస్తాయి. ముగ్గురు మనుషులు రెండుసార్లు మిషను మీదకి వెళ్లాలి. విమలకుమారి ఆ మూత చుట్టూ ఉన్న బోల్టులు లెక్కపెట్టింది.

"తమ్ముడూ, మూత తియ్యడం, రబ్బరు మార్చడం, మూత పెట్టడం. అంతేనా, ఇంకేటన్నా ఉందా?"

కృష్ణారావు నవ్వాడు. "అంతేలే గానీ... నువ్వు ఇప్పుతావేటి?"

"కుట్టుమిషను ఇప్పుతాను గదా."

అతను ఆమెను ఒకసారి ఎగాదిగా చూశాడు. ఎగతాళి చేస్తాడనుకుంది. అతను లోపలికి వెళ్లి పది నంబరు స్పానరు ఒకటి తెచ్చి చేతిలో పెట్టాడు. బెత్తెడు పొడుగుంది. "పొడుగుది వాడకు. పొడుగుదైతే బలం ఎక్కువ పడతాది, బోల్టు తెగుద్ది. దీంతో మణికట్టు బలం సాలు. లోపల ఇసక పడకూడదు. సిన్న రబ్బరు ముక్క గానీ, వాసరు గానీ లోపల పడిందంటే దొరికీదాకా స్టార్టు సెయ్యకు. అంతే." ప్యాకింగు పక్క దుకాణంలో దొరికింది. ఇంటికి వెళ్లే దారిలో ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని, మలుపు లేని చోటల్లా ఒక చేత్తో తడుముతూ నడిపింది.

యోబుకు సంగతి ఇంటికి వెళ్లాకే తెలిసింది. అతను కోప్పడలేదు. మంచం మీద కూర్చుని ఎడమ చేతిని కుడి చేత్తో పట్టుకుని, నెమ్మదిగా అన్నాడు: "అది ఆగిపోతే సోమవారం నా వొల్లు ఏటవుద్దో తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలిసీ ఇప్పుతావా?"

"మన పేట జీవన్ కుమార్ ఆటో సోమవారానికి సెప్పి ఉంచినాను మావా. బండి లేవకపోతే ఆటోలో పోదుము. నడుం ఇరుగుద్ది, అంతే. పొగలో ఎల్తే దేముడమ్మత్త మద్దిలోనే పోద్ది."

అతను మంచం మీద వాలిపోయాడు. మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

శనివారం తెల్లారాక, ఇంజను పూర్తిగా చల్లబడి ఉన్నప్పుడు, ఆమె పని మొదలుపెట్టింది. పెరట్లో అంతా సముద్రపు ఇసక. గాలి లేస్తే అదీ లేస్తుంది. అందుకని వ్యాను చుట్టూ నాలుగు పాత చీరలు కట్టింది, పెళ్లి పందిట్లో తెరల్లాగా. బ్యాటరీ వైరు ఊడదీసింది. ఏది ఎక్కడుందో ముందు ఫోనులో నాలుగు ఫొటోలు తీసుకుంది. ప్లగ్గులకు వెళ్లే వైర్లు మూడున్నాయి. మూడూ ఒకేలా ఉన్నాయి. ఒకదానికి ఎర్ర దారం, ఒకదానికి పసుపు దారం, ఒకదానికి ఆకుపచ్చ దారం కట్టి, అవి ఊడొచ్చిన చోట కూడా అదే రంగు దారం కట్టింది. మూత మీద నుంచి వెళ్లే రబ్బరు గొట్టం లాగి పక్కన పెట్టింది. మూతకు ఆరు బోల్టులు. పాత అట్టపెట్టె ముక్క మీద మూత ఆకారం గీసి, జాకెట్టు కొలతలు వేసినట్టు ఆరు చోట్ల కన్నాలు పెట్టింది. తీసిన బోల్టు తీసినట్టే దాని కన్నంలో గుచ్చాలని.

నాలుగు బోల్టులు మామూలుగానే వచ్చాయి. ఐదోది కదల్లేదు. ఆ ఊళ్లో ఇనుము ఏదైనా ఉప్పు గాలికి అలాగే పట్టేస్తుంది. ఆమె స్పానరు మీద రెండు చేతులూ వేసింది.

"తిప్పకు!" అని వినిపించింది వెనక నుంచి.

యోబు చీర తెర పక్కకు తప్పించి నిలబడ్డాడు. పొద్దున్నుంచీ మంచం దిగనివాడు.

"తిప్పితే తెగుద్ది. కిరసనాయిలు సుక్క ఎయ్యి. ఏసి, దాని నెత్తిమీద సిన్నగా తట్టు. అరగంట ఒగ్గీ. లారీ టైరు నట్లకి మేం అలగే సేసీవోళ్లం."

ఆమె అలాగే చేసింది. అరగంటలో ఇద్దరూ టీ తాగారు. ఆ తర్వాత ఐదో బోల్టు చిన్న మూలుగుతో వచ్చింది. ఆరోది దాని వెనకే వచ్చింది.

మూత మాత్రం అంటుకుపోయి ఉంది. సుత్తి వేయడానికి ఆమెకు చెయ్యి రాలేదు. ఎండిన కొబ్బరి మట్ట ముక్క ఒకటి తెచ్చి, మూతకు పక్క నుంచి ఆనించి, అరచేత్తో కొట్టింది. ఇటు రెండు, అటు రెండు. 'చప్' మని చిన్న శబ్దం వచ్చి మూత కదిలింది. రెండు చేతులతో తిన్నగా పైకి ఎత్తింది.

లోపల అంతా తేనె రంగు. ఆయిలు పూత కింద ఒక ఇనుప కడ్డీ పొడుగునా పడుకుని ఉంది. దాని మీద అక్కడక్కడ గుడ్డు ఆకారంలో దిమ్మలున్నాయి. అన్నీ ఒకే వైపు చూడటం లేదు, ఒక్కొక్కటీ ఒక్కో దిక్కు. వాటికి ఆనుకుని ఇటు మూడు, అటు మూడు చిన్న చేతులు. విమలకుమారి చాలాసేపు కదలకుండా చూసింది. పాత ప్యాకింగు మూత అంచు గాడిలో నల్లగా గట్టిపడి పోయింది. వేలితో తడితే గాజులా ముక్కలవుతోంది. అసలు పని అక్కడుంది. కానీ ఆమె కళ్లు ఆ చేతుల మీదే ఉన్నాయి.

ముందు లోపలి భాగమంతా లైనింగు గుడ్డతో కప్పింది. మూత అంచు మీది పాత రబ్బరును వెదురు పుల్లతో గీకి తీసింది. మూతనూ, బోల్టుల తలల కింద బిళ్లల్లా ఉన్న చిన్న రబ్బరు వాసర్లనూ కిరసనాయిలు బేసినులో వేసి కడిగింది. ఇంజను వైపు అంచును కూడా గుడ్డతో తుడిచింది. పది గంటలకల్లా అంతా సిద్ధం. కొత్త ప్యాకింగు గాడిలో కూర్చోబెట్టి మూసేస్తే అయిపోయేది.

"మావా, ఒక్కపాలి నువ్వు డ్రైవరు సీట్లో కూకో. టాపు గేరులో ఎట్టు. నాను ఎనక నుంచి తోత్తాను."

"ఎందుకే?"

"అవి ఎలా కదుల్తాయో సూడాల."

అతను గొణుక్కుంటూ ఎక్కాడు. ఆమె లైనింగు గుడ్డ తీసేసి, వెనక్కి వెళ్లి, భుజం ఆనించి తోసింది. గేరులో ఉన్న బండి బరువుగా, బెత్తెడు కదిలింది.

"ఏటి కనిపిత్తంది?" అని అరిచింది వెనక నుంచి.

వెనక అద్దంలోంచి యోబు తల కిందికి వంగడం కనిపించింది.

"మావా! ఏటి?"

"ఆగు. ఇంకొంచెం తోయి."

తోసింది.

"ఓలమ్మా... మళ్లీ తోయి."

విమలకుమారి తోయడం ఆపి గబగబా ముందుకు వచ్చింది. "నాను తోత్తంటే నువ్వు సూత్తన్నావా!"

యోబు తలెత్తాడు. మొహంలో పొద్దుటి మబ్బు లేదు. "ఆ గుడ్డు తిరిగి ఆ సెయ్యిని ఎత్తతంది విమలా. ఒకటి లేత్తంటే ఇంకోటి పడతంది. పాతికేల్లు ఇంజన్ల మీదే కూకున్నాను, ఐదేల్లుగా దీని మీద. దీని మీదే! ఇదేటి సేత్తందో ఏనాడూ సూణ్నేదు."

ఈసారి ఆమె తెరిచిన తలుపు పక్క నిలబడి, తలుపు కమ్మీని తోస్తూ తనే చూసింది. దిమ్మ పొడుగు వైపు పైకి రాగానే చెయ్యి ఒక కొన లేచింది, రెండో కొన స్ప్రింగును నొక్కింది. దిమ్మ జారిపోగానే స్ప్రింగు దాన్ని వెనక్కి తన్నింది. కుట్టుమిషనులో దారమెత్తే చెయ్యి కూడా ఇలాగే లేచి పడుతుంది. దాని వెనకా తిరిగే వంకర ముక్క ఒకటి ఉంటుంది. ఆమె దాన్ని ఎన్నోసార్లు తుడిచింది, ఆయిలు వేసింది. అదీ ఇదీ ఒకటేనని అంతవరకూ తెలియలేదు.

"ఇది మిషనే మావా," అంది. "పెద్ద మిషను."

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. మూత పెట్టే ముందు రబ్బరు వాసర్లు లెక్కపెడితే ఐదే ఉన్నాయి. అట్ట మీద బోల్టులు ఆరు. మళ్లీ లెక్కపెట్టింది. ఐదే.

లోపల గుడ్డ కప్పి ఉంటే భయం లేదు. కానీ గుడ్డ తీసింది తనే. తోసింది తనే. ఆ కదలికలో అంచు మీద ఎక్కడైనా ఉన్న వాసరు జారి, ఆయిలు దిగే కన్నంలోకి పోయిందేమో? మూత తీసి, రబ్బరు మార్చి మూసేస్తే సరిపోయేది. తనకు చూడాలనిపించింది. ఫోను టార్చి వేసి ప్రతి కన్నం, ప్రతి మూలా చూసింది. ఇసక మీద మోకాళ్ల మీద పాకింది. నైటీ మడతలు దులిపింది. లేదు.

"దొరికీదాకా స్టార్టు సెయ్యద్దన్నాడు," అంది. "నాను సూడాలనుకోకపోతే..."

యోబు ఆమె మాట పూర్తి కానివ్వలేదు. "వాసర్లు ఎక్కడ కడిగినావు?"

"బేసిన్లో."

"ఆ కిరసనాయిలు పారబోసినావా?"

పారబోయలేదు. నల్లగా, అడుగు కనపడకుండా అక్కడే ఉంది. అతను ఆమె కుట్టు బుట్టలోంచి పల్చటి మల్లు గుడ్డ ఒకటి తెచ్చి, బకెట్టు మీద పరిచాడు. ఎడమ చేత్తో బేసిను ఎత్తకూడదు కాబట్టి, కుడి చేత్తో గ్లాసు ముంచి ముంచి వడకట్టాడు. ఆమె చేస్తానంటే వద్దన్నాడు. పాత రబ్బరు పెచ్చులు, మట్టి, ఒక చీమ. చివరి గ్లాసు అడుగున, మసిలో మునిగి, బొత్తాం అంత వాసరు.

అతను దాన్ని నిక్కరుకు తుడిచి ఆమె అరచేతిలో పెట్టాడు.

కొత్త ప్యాకింగు గాడిలో కూర్చుంది. మూత దిగింది. బోల్టులు పెట్టింది. మొదటి బోల్టు బిగించి, దాని పక్కది బిగించి, దాని పక్కది, అలా చుట్టూ తిరిగి ఆరోదాకా వచ్చింది. ఎర్ర దారం ఎర్ర దారానికి, పసుపు పసుపుకి, ఆకుపచ్చ ఆకుపచ్చకి. దారాలు తీసేసింది. గొట్టం, బ్యాటరీ వైరు. మధ్యాహ్నం మూడు గంటలకు తాళం తిప్పింది. బండి మొదటి తిప్పుకే లేచింది. యోబు తెలియకుండానే చప్పట్లు కొట్టబోయి, ఎడమ చెయ్యి గుర్తొచ్చి ఆపుకున్నాడు.

అక్కుపల్లి దాకా వెళ్లి వచ్చారు. వచ్చాక ఆమె టార్చి వేసి చూసింది. మూడు పక్కలా పొడిగా ఉంది. నాలుగో పక్క, వెనక మూలన, చివరి బోల్టు దగ్గర, ఒక కొత్త చుక్క నిలబడి ఉంది. ఆమె తుడిచింది. ఇంజను వేసి మళ్లీ చూసింది. మళ్లీ చుక్క.

ఆ బోల్టు మీద స్పానరు పెట్టి ఇంకో పావు తిప్పు తిప్పింది. చేతికి ఏదో మెత్తగా తగిలింది, తెగబోయే దారం ఇచ్చే కబురులాంటిది. వెంటనే ఆపేసింది. యోబు 'నాను అప్పుడే సెప్పినాను' అనలేదు. అంటే బాగుండుననిపించింది.

"రేపు సూద్దుము," అన్నాడతను.

మర్నాడు ఆదివారం, నెల మొదటి ఆదివారం, చర్చిలో ప్రభురాత్రి భోజనపు బల్ల ఉంది. ఎంత తోమినా గోళ్లలో నలుపు పోలేదు. రొట్టె ముక్క అందుకునేటప్పుడు వేళ్లు ముడుచుకుంది. పాస్టరు గారు ప్రసంగం మొదలుపెట్టారు. విమలకుమారి మనసు చర్చిలో లేదు, వెనక మూల బోల్టు దగ్గరే ఉంది. రబ్బరు కొత్తది. అంచులు శుభ్రం. గాడిలో సరిగ్గానే కూర్చోబెట్టింది. మరెందుకు కారుతోంది?

ఆమె ముందు వరసలో రత్నాలమ్మ కూర్చుంది. కొత్త జాకెట్టు వేసుకుంది, విమలకుమారి కుట్టింది కాదు. వృత్తి కదా, కళ్లు అటే పోయాయి. చెయ్యి అతికిన చోట ముందు వైపు చదునుగా ఉంది. వెనక వైపు భుజం దగ్గర మాత్రం గుడ్డ అంతా కుచ్చులు పట్టి ఉబ్బింది. ఎవరో కొత్త పిల్ల కుట్టి ఉంటుంది. చెయ్యి గుండ్రంగా చంకకు అతికేటప్పుడు ఒక చోట మొదలెట్టి చుట్టూ తిప్పుకుంటూ పోతే, గుడ్డ కొంచెం కొంచెం ముందుకు జరుగుతుంది. ఆ జరిగిందంతా చివరికి వచ్చేసరికి ఒక్కచోట పోగవుతుంది. అందుకే ముందు నాలుగు చోట్ల, ఎదురెదురుగా, సూదులు గుచ్చుకోవాలి...

విమలకుమారి కూర్చున్న చోటే నిటారుగా అయింది.

తను మూతను చుట్టూ తిరిగి బిగించింది. ఒకటి, పక్కది, దాని పక్కది. చివరి బోల్టు వెనక మూలది. చుక్క కూడా అక్కడే.

ప్రసంగం ఇంకా నలభై నిమిషాలు సాగింది. ఆశీర్వాదం అవగానే ఆమె రత్నాలమ్మ భుజం పట్టుకుంది.

"ఈ సెయ్యి ఎవరు కుట్టినారప్పా?"

రత్నాలమ్మ మొహం ఎర్రబడింది. "నీ దగ్గర ఆలీసమవుద్దని సోంపేటలో ఇచ్చినాను. అంత మాత్రానికి దేవుడి సన్నిదిలో దెప్పాలేటి?"

"దెప్పడం కాదప్పా! మా బండి బాగుపడిపోయింది!" అని విమలకుమారి ఆవిణ్ని కౌగలించుకుని, చెప్పుల కోసం పరిగెత్తింది. రత్నాలమ్మ ఆ తర్వాత చాలామందిని అడిగిందట, ఆమెకు ఒంట్లో బాగానే ఉందా అని.

భోజనం అయ్యాక మూత మళ్లీ తీసింది. ఈసారి అరగంట కూడా పట్టలేదు. అనుకున్నట్టే ఉంది. వెనక మూలన రబ్బరు గాడి దాటి చిన్న గూనిలా లేచింది. ఆమె దాన్ని చూసి గట్టిగా నవ్వింది. యోబును పిలిచి చూపించింది. రబ్బరుకు దెబ్బేమీ తగల్లేదు. అంచులు మళ్లీ పొడిగా తుడిచి, దాన్ని చుట్టూ వేళ్లతో సమంగా సర్ది, మూత దింపింది. ఆరు బోల్టులూ ముందు వేళ్లతోనే ఆనేదాకా తిప్పింది. తర్వాత మధ్యలో ఒకటి, దానికి ఎదురుది. తర్వాత ఈ మూల, దానికి ఏటవాలుగా ఆ మూల. ఒక్కోదానికి అర తిప్పు. మళ్లీ మొదటి నుంచి ఇంకో అర తిప్పు. మూడోసారి మణికట్టుతో ఆనించి వదిలేసింది. యోబు పక్కన నిలబడి ఏది అయింది, ఏది కావాలి అని చెబుతూ వచ్చాడు.

మళ్లీ అక్కుపల్లి దాకా వెళ్లి వచ్చారు. తెల్లటి లైనింగు గుడ్డ ముక్క వేలికి చుట్టి మూత అంచంతా రాసి చూసింది. గుడ్డ తెల్లగానే వచ్చింది. జీవన్ కుమార్‌కు ఫోను చేసి ఆటో అక్కర్లేదని చెప్పింది.

సోమవారం పొద్దున దేముడమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే ఎక్కింది. పూండి దాటేసరికి కొంగు జారింది. బెండిగేటు దాటేసరికి నిద్రపోయింది. సూర్యారావు మాత్రం ఒకసారి గాలి పీల్చి, "ఊఁ," అన్నాడు. ఆయన అంతకంటే ఎక్కువ మెచ్చుకోవడం ఎవరూ వినలేదు.

స్పానరు తిరిగి ఇవ్వడానికి వెళితే కృష్ణారావు సీటు ఎత్తించి, మూత చుట్టూ వేలు పోనిచ్చాడు. వేలు చూసుకున్నాడు. బోల్టులు ఒక్కొక్కటీ పట్టి చూశాడు.

"ఎదురెదురుగా బిగించినావు. వరస నాను సెప్పలేదే. మరిసిపోయినాను. ఎవలు సెప్పినారు?"

"రత్నాలమ్మ జాకెట్టు," అంది విమలకుమారి.

అతనికి అర్థం కాలేదు. ఆమె చెప్పింది. అతను పకపకా నవ్వి, ఆ నవ్వు మధ్యలోనే ఆగి, తాళం తిప్పించి, ఇంజను వైపు చెవి పెట్టాడు. "ఆ టిక్కు టిక్కు ఇంటన్నావా? ట్యాపెట్లు, అదే ఆ సిన్న సేతులు, లూజు. బుధవారం ఇంజను సల్లారినాక రా. అది సేత్తే ఇంకా బాగుంటాది. సూద్దువు గాని."

ఆ బుధవారం నుంచి ఆమెకు పలాసలో కొత్త అలవాటు మొదలైంది. లోపల వాళ్లు మిషను మీద ఉన్న నాలుగు గంటలూ ఇదివరకు ఆస్పత్రి వరండాలో కూర్చుని హుక్కులు కుట్టేది. ఇప్పుడు షెడ్డుకు వెళుతోంది. కాయితం అంత పల్చటి ఉక్కు రేకు ఒకటి చేతికి ఇచ్చి, దిమ్మకీ చేతికీ మధ్య ఎంత సందు ఉండాలో కృష్ణారావు చూపించాడు. లోపలికి గాలి వచ్చే వైపు ఒక రేకు, పొగ బయటికి పోయే వైపు కొంచెం మందపు రేకు.

"రెండూ ఒకలాటివే గదా, రెండు సందులెందుకు?" అని అడిగింది ఆమె.

"కంపెనీవోళ్లు అలగిచ్చినారు."

"ఎందుకిచ్చినారు?"

ఇరవై రెండేళ్లుగా ఆ పని చేస్తున్న కృష్ణారావు చేతిలో స్పానరు ఆగిపోయింది. తల గోక్కున్నాడు. ఇద్దరూ షెడ్డు వెనక తుక్కులో పడి ఉన్న పాత ఇంజను తల ఒకటి బయటికి లాగి, అందులోంచి ఆ చేతులు నొక్కే వాల్వులు రెండు ఊడదీశారు. గాలి వచ్చే వైపుది నల్లగా మసి పట్టి ఉంది. పొగ పోయే వైపుది బూడిద రంగులో, కుమ్మరి ఆములో కాలిన పెంకులా ఉంది. ఆమె రెండింటినీ రెండు అరచేతుల్లో పెట్టుకుంది.

"ఇది ఎక్కువ కాలింది తమ్ముడూ."

"కాలితే ఇనుము సాగుద్ది," అన్నాడు కృష్ణారావు, తనకు తనే చెప్పుకుంటున్నట్టు. "సాగడానికి సోటు కావాల. ఓర్నాయనో, అందుకా!"

ఆ రోజు ఆమె ఆస్పత్రికి పది నిమిషాలు ఆలస్యంగా చేరింది. ఐదేళ్లలో మొదటిసారి. దేముడమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది. బండెక్కి కాశీబుగ్గ దాటేదాకా తిట్టింది. ఆ తర్వాత ఆవిడకు తిట్టడానికి ఏమీ మిగల్లేదు.

"ఇంతకీ ఆ షెడ్డులో అంతసేపు ఏటి సేత్తావే పిల్లా? అక్కడేటుంటాది సూడ్డానికి?"

విమలకుమారి నోరు తెరిచేలోగా యోబు వెనక్కి తిరిగాడు. మిషను దిగిన మొహం వాడిపోయి ఉంది గానీ గొంతులో హుషారుంది. "నాను సెప్తానుండు అత్తా. ఈ సీటు కింద ఆరు సేతులుంటాయి," అని మొదలుపెట్టాడు. గుడ్లన్నాడు, స్ప్రింగులన్నాడు, కుడి చేత్తో గాలిలో తిప్పి చూపించాడు. మధ్యలో గాలి వచ్చే వైపు, పొగ పోయే వైపు తారుమారు చేశాడు. సూర్యారావు కూడా ముందుకు వంగి వింటున్నాడు. విమలకుమారి వినీ విననట్టు బండి నడిపింది. ఎదురుగా కొబ్బరి బోండాల లోడు లారీ వస్తోంది. దాన్ని తప్పించి, రోడ్డు తిన్నగా అయ్యాక, "మావా, అది అటుది కాదు," అంది.

"మరి?"

"ఇటుది."

"అదే, ఇటుదే," అన్నాడు యోబు, మొదటి నుంచీ మళ్లీ చెప్పడం మొదలుపెడుతూ.